టొబాకో స్ట్రీక్ వైరస్‌కు ప్రొఫెసర్ పదవి ఇవ్వాలి

అనంతపురంలో పరిశోధన ప్రభావం గురించి ఎవరైనా సభ పెడితే, ముందు వరుసలో కుర్చీ వేయాల్సింది టొబాకో స్ట్రీక్ వైరస్‌కు. 2000 ఖరీఫ్‌లో అప్పటి ఉమ్మడి జిల్లాలో అది ఒక్క సీజన్‌లో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను చుట్టబెట్టింది. ఎకరాల్లో చెప్పుకుంటే దాదాపు 5.5 లక్షలు. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని తర్వాత లెక్క తేల్చారు. ఆ వైరస్ గ్రాంటు అడగలేదు. ల్యాబ్ లేదని అలగలేదు. సెమినార్‌కు పోయొచ్చి టీఏ బిల్లు పెట్టలేదు. ఇంత ప్రభావం చూపి పాతికేళ్లయినా ఏ విశ్వవిద్యాలయమూ దానికి కనీసం అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదా ఇవ్వలేదు. ఈ అన్యాయాన్ని వెంటనే సరిచేయాలని సంబంధిత అధికారులను సవినయంగా కోరుతున్నాను.

అధికారులు వేసే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. "ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?" చేలో ఇంపాక్ట్ వేరు, ఫైల్లో ఇంపాక్ట్ వేరు. మొదటిది రైతుకు చెప్పక్కర్లేదు. రెండోదాని కథే కాస్త చెప్పుకోవాలి.

1955లో యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ 'సైన్స్' పత్రికలో ఒక ఆలోచన రాశారు. ఏ పేపర్‌ను ఏయే పేపర్లు ఉదహరించాయో జాబితా వేస్తే, పరిశోధకులకు పాత పని వెతుక్కోవడం సులువవుతుందని. తర్వాత ఆ జాబితాలోకి ఏ జర్నళ్లను తీసుకోవాలో తేల్చుకోవడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలత పుట్టింది. 1975 నుంచి జర్నళ్ల లెక్కలు విడిగా అచ్చువేయడం మొదలైంది. డబ్బు తక్కువ, జర్నళ్లు ఎక్కువ ఉన్న లైబ్రేరియన్లకు అది పనికొచ్చింది. అంతవరకు ఎవరికీ నష్టం లేదు. మనుషులను దీంతో కొలవొద్దని గార్ఫీల్డే తర్వాత చాలాసార్లు మొత్తుకున్నారు. అదే 1955లో పుణెలో ఒక విదేశీ కలుపు మొక్కను మొదటిసారి గుర్తించారు. మనం వయ్యారిభామ అని ముద్దుగా పిలుచుకునే పార్థీనియం అది. ఇవాళ ఒకటి బంజర్ల నిండా ఉంది, ఇంకోటి బయోడేటాల నిండా ఉంది. ఏది ఎక్కువ దురద పుట్టిస్తుందో తేల్చడానికి ఒక కమిటీ వేయవచ్చు.

లెక్క మాత్రం ఐదో తరగతి భాగహారమే. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన వాటికి ఈ ఏడాది ఎన్ని సైటేషన్లు, అంటే ఉదహరింపులు, వచ్చాయో చూసి, ఆ రెండేళ్లలో వేసిన వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. ఇందులో చిన్న చమత్కారం ఉంది. సంపాదకీయాలకూ లేఖలకూ వచ్చిన సైటేషన్లు పైన కలుస్తాయి. కింద భాగించేటప్పుడు మాత్రం అవి వ్యాసాలు కావు. పెళ్లిలో పిల్లల చేత ఇప్పించిన చదివింపులు కూడా రాసుకుని, ఎంతమంది వచ్చారంటే పెద్దవాళ్లనే లెక్కపెట్టినట్టు. తలసరి చదివింపు దివ్యంగా వస్తుంది.

ఇంకో సుగుణం కూడా ఉంది. పేపర్‌ను మెచ్చుకుంటూ ఉదహరించినా సైటేషనే, "ఇది శుద్ధ తప్పు" అని ఉదహరించినా సైటేషనే. 2020 మే నెలలో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పేపర్ వచ్చింది. దాని డేటా నమ్మలేమని రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కూడా దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. తిట్టుకూ పొగడ్తకూ ఒకే మార్కు పడే పద్ధతి మన సీమ రాజకీయాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదనుకున్నాను.

ఈ కొలత ఎంత గట్టిదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. స్ఫటికాల మీద పరిశోధన అచ్చువేసే ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ అనే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2.051. మరుసటేడు 49.926. కారణం, జార్జ్ షెల్డ్రిక్ 2008లో రాసిన ఒకే ఒక్క పేపర్. స్ఫటికాల నిర్మాణం తేల్చేవాళ్లలో చాలామంది వాడే తన సాఫ్ట్‌వేర్ చరిత్ర ఆయన అందులో రాశారు. వాడినవాళ్లంతా దాన్నే ఉదహరించారు. అదే జర్నల్‌లో రాసిన మిగతావాళ్లు ఆ ఏడాది ఏం చేశారంటారా? ఇంట్లో కూర్చుని ప్రపంచ ప్రసిద్ధులయ్యారు.

రెండోది మన విషయానికి దగ్గర. ల్యాన్సెట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2020లో 79.321. 2021లో 202.731. ఒక్క ఏడాదిలో ఆ పత్రిక రెండున్నర రెట్లు మంచిదైపోలేదు. ఒక వైరస్ వచ్చింది, అంతే. ఆ వైరస్ నెమ్మదించేసరికి 2023 లెక్కకు 98.4కు దిగింది. వైరస్‌ల మీద రాసే జర్నళ్లు కూడా ఇదే ఊపులో ఎక్కి, ఇదే ఊపులో దిగాయి. ఇన్ని పత్రికలను ఇంత ఎత్తుకు మోసుకెళ్లిన వైరస్‌కు సహరచయితగా ఒక్కచోటా పేరు వేయలేదు. కనీసం చివర్లో కృతజ్ఞతలు చెప్పే పేరాలో కూడా లేదు. అక్కడ డబ్బిచ్చిన సంస్థలను, ఫ్రీజర్ ఇచ్చిన మిత్రులను తలుచుకుంటారు, అసలు పని చేసినవారిని తలుచుకోరు.

అన్నట్టు, పైన 98.4 దగ్గర ఒక్క దశాంశ స్థానమే ఉందని గమనించే ఉంటారు. 2023లో వచ్చిన జాబితా నుంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మూడు దశాంశ స్థానాలకు బదులు ఒక్కదానితోనే ఇస్తున్నారు. మూడో స్థానంలో రెండు అంకెల తేడాతో పక్క డిపార్ట్‌మెంట్‌ను ఓడించినవాళ్లు ఆ రోజు అన్నం తిన్నారో లేదో ఎవరూ విచారించలేదు.

ఇక వైరస్ జోలికి పోకుండా వైరస్ జర్నల్ మీదే పరిశోధన చేసే మార్గం ఒకటుంది. ఇది చాలా క్షేమం. గ్లవ్స్ అక్కర్లేదు. కరెంటు పోతే డీప్ ఫ్రీజర్‌లో శాంపిళ్లు కరిగిపోతాయన్న టెన్షన్ లేదు. వైరాలజీ జర్నల్ ఒకటి ఎంచుకుని, పేపర్ల చిట్టాలు దొరికే వెబ్ ఆఫ్ సైన్స్ నుంచో స్కోపస్ నుంచో పదేళ్ల వివరాలు దించుకోవాలి. ఏ దేశం ఎన్ని రాసింది, ఏ సంస్థ ఎన్ని రాసింది, ఎవరు ఎవరితో కలిసి రాశారు అని పట్టికలు వేయాలి. ఎంతమంది ఎన్నేసి పేపర్లు రాస్తారో చెప్పే 1926 నాటి లోట్కా సూత్రం, ఒక విషయం మీది పేపర్లు ఏ జర్నళ్లలో పోగుపడతాయో చెప్పే 1934 నాటి బ్రాడ్‌ఫర్డ్ సూత్రం ఒక్కోసారి అప్పజెప్పాలి. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే రంగురంగుల బుడగలతో ఒక పటం వస్తుంది. హోలీ అయిపోయాక గోడలా ఉండే ఆ పటాన్ని రెండో పేజీలో అతికించాలి. చివరికి తేలేది దాదాపు ఎప్పుడూ ఒకటే. అమెరికా ముందుంది. కలిసి రాయడం పెరిగింది. మొన్న అచ్చయిన వ్యాసాలకు పదేళ్ల కిందటి వ్యాసాల కంటే సైటేషన్లు తక్కువ. ఈ మూడోది కనిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ అవసరమా అని అడిగేవాళ్లు పరిశోధన విలువ తెలియనివాళ్లు. పైగా ఆ పేపర్ కూడా ఎవరో ఒకరు ఉదహరిస్తారు. ఆ ఉదహరించిన పేపర్ల మీద రేపు ఇంకొకరు బుడగలు ఊదుతారు.

ఎగతాళి సరే గాని, ఆ బుడగలు ఒక నిజం మాత్రం దాచకుండా చెబుతాయి. వైరస్ ఉన్నచోట బుడగ ఉబ్బదు. డబ్బున్న దేశం ఏ వైరస్‌కు భయపడితే ఆ వైరస్ బుడగ ఉబ్బుతుంది. జికా వైరస్‌ను 1947లో ఉగాండా అడవిలో గుర్తించారు. దాదాపు డెబ్బై ఏళ్లు దాని మొహం చూసినవాళ్లు కొద్దిమందే. 2015లో బ్రెజిల్‌లో పాకి, 2016 ఒలింపిక్స్ దగ్గరపడేసరికి పేపర్ల వాన కురిసింది. అంత దూరం ఎందుకు, మన గొర్రెల సంగతే చూడండి. వానలు పడ్డాక దోమ కంటే చిన్న ఈగలు కుట్టి గొర్రెలకు మూతివాపు వస్తుంది. పుస్తకాల్లో నీలినాలుక వ్యాధి అంటారు. సీమలో గొర్రెల కాపరికి ఇది పాత చుట్టం. 2006లో ఇదే వైరస్‌లో ఒక రకం నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీల్లో గొర్రెలకూ ఆవులకూ సోకింది. ఇక చూడండి, నీలినాలుక మీద పేపర్లే పేపర్లు. మన పొట్టేలు ఎన్నేళ్లు మూతి వాచి తిరిగినా ట్రెండ్ కాలేదు. డచ్ గొర్రెకు ఒక్క సీజన్ మూతి వాచింది, అది హాట్ టాపిక్. గొర్రెల్లో కూడా ఫారిన్ రిటర్న్‌కే మర్యాద.

సరే, మన అభ్యర్థి సంగతికి వద్దాం. టొబాకో స్ట్రీక్ వైరస్ దరఖాస్తు పెట్టుకుని ఇంటర్వ్యూకు వచ్చిందనుకుందాం. బోర్డు ఇలా నడుస్తుంది.

"ఏమప్పా, మీ మీద మొదటి పేపర్ ఎప్పుడొచ్చింది?"

"1936లో సార్. అమెరికాలో పొగాకు మీద."

"మీరు ఫస్ట్ ఆథరా?"

"కాదు సార్. నేను సబ్జెక్టు."

"అయితే పాయింట్లు రావు. అనంతపురంలో పని ఎవరితో కలిసి చేశారు?"

"వయ్యారిభామ, తామర పురుగులు సార్. నేను వయ్యారిభామలో ఉంటాను. ఆమెకు రోగ లక్షణం ఒక్కటీ కనబడదు, పచ్చగా ఉంటుంది. పుప్పొడి మాత్రం ఇస్తుంది. దాన్ని ఒంటికి పూసుకుని తామర పురుగులు చెనక్కాయ చేలో దిగుతాయి. ఆకులు గీకి రసం పీలుస్తున్నప్పుడు ఆ గాయాల్లోంచి నేను లోపలికి పోతాను. మొక్క ఎండిపోతుంది."

అంటే ఒకరు ఏమీ చేయకుండా ఆశ్రయమిచ్చి పచ్చగా ఉంటారు. మోసేది చిన్నవాళ్లు. ఎండేది మరొకరు. బోర్డులో ఇద్దరు సభ్యులకు తమ డిపార్ట్‌మెంట్ గుర్తొచ్చి కిటికీ వైపు చూశారు.

"ఇంకో ఇబ్బంది సార్," అంటుంది వైరస్. "2000లో నేను చేసిన పనిని మొదట మొవ్వుకుళ్లు తెగులు వైరస్ ఖాతాలో వేశారు. లక్షణాలు ఒకేలా ఉన్నాయని. తర్వాత పరీక్షలు చేసి అది నా పని అని తేల్చారు."

"అది మా దగ్గరా మామూలేలేప్పా. మీకు కనీసం తర్వాతైనా తేల్చారు. ప్రభావానికి రుజువేంది?"

"5.5 లక్షల ఎకరాలు సార్."

"అది లోకల్. ఇంటర్నేషనల్ ఉండాల. యూజీసీ మెచ్చిన జర్నళ్ల కేర్ లిస్టులో ఉన్నారా?"

"ఆ లిస్టును యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది కదా సార్?"

"ఎత్తేసింది. మా ఫారంలో గడి ఉంది."

అభ్యర్థిని పంపేశారు. కారణం రాయలేదు.

ఈ తెగులు మీద అసలైన పరిశోధన జరగలేదని కాదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చేల వెంట తిరిగి వైరస్‌ను పట్టుకున్నారు. 2002లో ఆ వివరాలు అమెరికా నుంచి వచ్చే 'ప్లాంట్ డిసీజ్' జర్నల్‌లో అచ్చయ్యాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలో ఆ పేపర్‌కు పనికొచ్చే సైటేషన్లు 2003లో, 2004లో వచ్చినవే. 2005 నుంచి ఎంతమంది ఉదహరించినా జర్నల్ ఖాతాకు సున్నా. వైరస్ మాత్రం ఇప్పటికీ గట్ల మీదే ఉంది. 2000లో తీసుకున్న పంట రుణాన్ని రెండేళ్లు దాటాక లెక్కలోకి తీసుకోని బ్యాంకు మేనేజరు ఎక్కడైనా ఉంటే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సూత్రం తెలిసిన మహానుభావుడు ఆయనొక్కడే అని ఒప్పుకుంటాను. అప్పులోళ్ల దగ్గర రెండేళ్ల కిటికీ తెరుచుకోదు. వడ్డీ మీద వడ్డీ ఎక్కుతుంది, అది కూడా మూడు దశాంశ స్థానాలతో.

ఆ పరిశోధనలోంచి చివరికి రైతు చేతికి వచ్చింది ఒక కరపత్రమంత సమాచారం. విత్తే ముందు ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేయండి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేయండి, తామర పురుగులకు అడ్డుగా ఉంటుంది. గట్ల మీద, బీళ్లలో వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి. ఈ వైరస్ చెనక్కాయ మొక్క నుంచి చెనక్కాయ మొక్కకు పాకడం పెద్దగా లేదు, కాబట్టి ఊరంతా కలిసి గట్లు శుభ్రం చేసుకుంటే తెగులు చాలావరకు ఆగుతుంది. మూడు వాక్యాల సలహా, ఒక వాక్యం కారణం. దీన్ని ఎవరూ ఉదహరించలేదు, చేసుకున్నవాళ్లు చేసుకున్నారు.

ఇలాంటి కాగితం రాసి ఊళ్లలో పంచినవాళ్లకు ప్రమోషన్ ఫారంలో ఎన్ని పాయింట్లు వస్తాయని తెలిసిన లెక్చరర్‌ను అడిగాను. ఆయన ఫారం ముందుకూ వెనక్కూ తిరగేసి, సామాజిక సేవ అనే గడి చూపించాడు. ఎన్ఎస్ఎస్ వాళ్లు చెట్లు నాటే కార్యక్రమం పక్కనే ఉంది. జియోట్యాగ్ చేసిన ఫొటో జతచేస్తే రావచ్చన్నాడు. కాసేపు ఆలోచించి ఒక జాగ్రత్త కూడా చెప్పాడు: ఫొటోలో మొక్కలు నాటుతున్నట్టు ఉండాలట, పీకుతున్నట్టు ఉంటే ఒప్పుకోరట.