ఎలుకలు, మగవాళ్ల చొక్కాలు, మా అమ్మ మోకాలు

పసుపు గాయాలను మాన్పుతుందని అమెరికాలో పేటెంటు తీసుకుంటే, అది మా వంటింటి సంగతేనని వాదించి 1997లో దాన్ని రద్దు చేయించిన దేశం మనది. అలాంటి దేశం ఇప్పుడు ఇంత పెద్ద విషయంలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం నాకు మింగుడుపడటం లేదు. కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, నొప్పి మీద పరిశోధన చేసే నాడీశాస్త్ర ప్రయోగశాల ఒకటి ఉంది. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి శ్రమించి ఒక్కొక్కటిగా బయటపెడుతున్న విషయాలన్నీ మా అమ్మ నా చిన్నప్పుడే కనిపెట్టి, వాడుకుని, మరిచిపోయినవి. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్లు పెద్దమనుషులు. మా అమ్మను కలవలేదు, అంతే. కానీ ఎవరి ఘనత వారికి దక్కాలి కదా, అందుకే ఈ విజ్ఞాపన.

ముందుగా 2014 నాటి సంగతి. మనిషి గదిలో ఉంటే ఎలుకలు నొప్పిని తక్కువగా బయటపెడుతున్నాయని ఈ రంగంలోని వాళ్లు చాలాకాలంగా చెవులు కొరుక్కునేవారు. జెఫ్రీ మోగిల్ అనే ఆచార్యుడి బృందం దీని అంతు తేల్చడానికి పూనుకుంది. గదిలో ఉన్నది ఆడమనిషి అయితే ఎలుకలు పట్టించుకోలేదు. మగమనిషి అయితే నొప్పి లక్షణాలు తగ్గిపోయాయి. అసలు మనిషే అక్కర్లేదు, మగవాడు తొడిగి విడిచిన టీషర్టును దగ్గర పెట్టినా అంతే. పరిచయం లేని ఇతర మగ జంతువులు పడుకున్న పీచు పెట్టినా అంతే. మగవాసన తగలగానే ఎలుక ఒంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ కంగారులో నొప్పి అణిగిపోతుంది. ఉపశమనం కాదు, భయం. నేచర్ మెథడ్స్ పత్రిక దీన్ని అచ్చువేసింది, లోకం ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు మా ఇంటికి రండి. నాకు ఆరేళ్లు. మెట్ల మీద జారి మోకాలు చెక్కుకుపోయింది. పడ్డ పిల్లవాడు వెంటనే ఏడవడు, ముందు చుట్టూ చూస్తాడు. అమ్మ కనిపించింది కాబట్టి నోరు బార్లా తెరిచాను. ఆవిడ చేతిలోని గరిటె కింద పెట్టకుండానే "అదుగో, నాన్న వస్తున్నారు" అంది. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. నొప్పి కూడా, నిజం చెప్పాలంటే, సగానికి సగం తగ్గింది. తీరా చూస్తే నాన్న ఆఫీసులో ఉన్నారు. దండెం మీద ఆయన చొక్కా ఒక్కటే ఊగుతోంది. టీషర్టు ప్రయోగం మాంట్రియల్‌లో మొదలుకావడానికి దశాబ్దాల ముందు మా పెరట్లో జయప్రదంగా ముగిసింది. పోల్చి చూడటానికి కంట్రోల్ గ్రూపు ఏదని విజ్ఞులు అడగవచ్చు. ఉంది. మా తమ్ముడు. వాడు నాన్న ఊళ్లో లేనప్పుడే పడేవాడు.

అలాగని ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లను తక్కువ చేయకూడదు. వాళ్ల దినచర్య తెలిస్తే జాలి కలుగుతుంది, ఎవరి మీద అనేది మీ ఇష్టం. ఇనుప జాలీ పరిచిన ఎత్తైన బల్ల. దాని మీద అద్దంలాంటి చిన్న చిన్న గదులు, గదికొక చిట్టెలుక. అవి కొత్త చోటికి అలవాటుపడి, తిరగడం మాని, మీసాలు దువ్వుకోవడం ముగించి, నాలుగు కాళ్లూ ఆనించి కుదురుగా నిలబడేదాకా గంటో రెండు గంటలో కాచుకోవాలి. అప్పుడు పీహెచ్‌డీ విద్యార్థి బల్ల కిందికి వంగి, మెడ పైకెత్తి, ఒక నైలాను పోగును జాలీ కంతలోంచి పోనిచ్చి ఎలుక వెనక అరికాలికి ఆనిస్తాడు. పోగు విల్లులా వంగేదాకా నొక్కుతాడు. ఎలుక కాలు లాక్కుంటే కాగితం మీద ఇంటూ మార్కు, లాక్కోకపోతే సున్నా. ఇంటూ పడితే తర్వాత ఇంకా సన్నపోగు, సున్నా పడితే ఇంకా లావుపోగు. సరిగ్గా నొక్కే సమయానికి ఎలుకకు మూత్రం వస్తే అది ఎక్కడ పడుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ పోగులకు మాక్స్ ఫాన్ ఫ్రై అనే ఆయన పేరు పెట్టారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఆయన అసలు వెంట్రుకలతోనే ఈ పని మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో వెంట్రుక నైలాను అయింది, మెడ మాత్రం మెడగానే ఉంది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇక్కడ పూర్తిగా పనిచేయదు. సాయంత్రానికి ఎలుక పీచులో దూరి నిద్రపోతుంది. మెడ పట్టేసిన విద్యార్థి నొప్పి మాత్ర కోసం సొరుగు వెతుక్కుంటాడు. ఆ సొరుగులోని మాత్ర ఏ ఎలుక పుణ్యమో! పైగా అతను మగవాడైతే ఇంకో తంటా. ఎలుకలు అతని ఉనికికి అలవాటుపడేదాకా కాసేపు ఊరికే కూర్చోవాలి, ప్రయోగం చేసింది ఆడవారో మగవారో వ్యాసంలో రాయాలి. మనవాళ్లు కొండను తవ్వి ఎలుకను పడతారని వెక్కిరిస్తాం. వీళ్లు ఎలుకను పట్టుకుని కొండను తవ్వుతున్నారు. అది అంతకన్నా కష్టం.

ఇదే బృందం 2010లో ఎలుక ముఖం చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి తెచ్చింది. కళ్లు బిగించడం, ముక్కు ఉబ్బడం, బుగ్గ ఉబ్బడం, చెవులు వాలడం, మీసాలు కదలడం, ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. మా అమ్మ దీన్ని "ముఖం అలా పెట్టావేమిటి?" అనే ఒక్క ప్రశ్నతో చేసేది. నాకు అప్పటికి మీసాలు లేకపోవడం ఆవిడకు అడ్డంకి కాలేదు. సోమవారం ఉదయపు కడుపునొప్పిని శనివారం కడుపునొప్పి నుంచి వేరుచేయడం కూడా ఆవిడకు వచ్చు. ఆ సూక్ష్మం మాంట్రియల్ వారికి చిక్కే అవకాశం లేదు. ఎలుకలకు బడి లేదు.

మెక్‌గిల్‌లోనే అంతకు ముందుతరంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మహానుభావుడు ఉండేవాడు. ఆయన, పాట్రిక్ వాల్ అనే మరో శాస్త్రవేత్త కలిసి 1965లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటిది ఉంటుంది, దెబ్బ తగిలినచోట రుద్దితే స్పర్శ కబురు ముందుగా వచ్చి ఆ తలుపు వేసేస్తుంది, నొప్పి కబురు గడప అవతలే ఆగుతుంది అని. దెబ్బ మీద అరచేత్తో రుద్ది "ఉఫ్, పోయింది" అనే తల్లి ఎవరైనా ఈ ద్వారపాలక వృత్తిలో ఉన్నట్టే. అయితే మన తల్లులు అక్కడితో ఆగరు. పిల్లవాడి కాలికి తగిలిన గడపను కూడా రెండు కొడతారు. గడపకు శిక్ష పడగానే నొప్పి పూర్తిగా పోతుంది. ఈ రెండో దశకు పాశ్చాత్య విజ్ఞానం ఇంకా చేరుకోలేదు.

మెల్జాకే 1975లో నొప్పి ప్రశ్నావళి ఒకటి అచ్చువేశాడు. నొప్పి ఎలా ఉందో చెప్పడానికి 78 మాటలు, 20 గుంపులు. ఇప్పటికీ చాలా దేశాల్లో వాడతారు. మంచి ప్రయత్నమే. తెలుగులో తలకు పోటు, పుండుకు సలుపు, కీలుకు పీకు, ఒంటికి తీపు, పంటికి జివ్వు, నడుముకు కలుక్కు, అరికాలికి చురుక్కు, పేగుకు మెలి, పిక్కకు లాగు. ఒకచోటి మాట ఇంకోచోట వాడితే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. "తల సలపడమేమిట్రా, అదేమైనా కురుపా?" అనేది. ఇంత సంపద పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లి "పెయిన్ ఉంది డాక్టరుగారూ" అంటున్నాం. ఆయన అదే రాసుకుంటున్నాడు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి 2021 నోబెల్ ముచ్చట కూడా చెప్పి తీరాలి. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం నాడికణంలో ఏ తలుపు తడుతుందో వెతికి 1997లో పట్టుకుంది. తీరా చూస్తే అది వేడికి తెరుచుకునే తలుపే. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా, మిరప తగిలినా మెదడుకు వెళ్లే కబురు ఒక్కటే. 43 డిగ్రీలంటే మే నెలలో గుంటూరు మిట్టమధ్యాహ్నం. ఆ గుంటూరు వాళ్లు నిప్పు తగిలినా మంట అంటారు, గొడ్డుకారం తగిలినా మంట అంటారు. రెండింటికీ ఒకటే మాట పెట్టుకుని, వేడన్నంలో ఆ కారం కలుపుకుని, కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ తింటున్నారు. పక్షుల్లో ఆ తలుపుకు కాప్సైసిన్ అంటదట, అందుకే చిలుక పండుమిరపను నదురు లేకుండా తింటుంది. ఆవకాయ మొదటి ముద్దకు పిల్లలు గోల చేస్తే మా అమ్మ చూపించేది కూడా ఆ చిలుకనే. నోబెల్ బహుమతిలో వాటా అడగడం లేదు. ఒక జాడీ ఆవకాయ స్టాక్‌హోమ్‌కు పంపి చూస్తే బాగుంటుందని మాత్రం అంటున్నాను.

నొప్పికి కొలమానం కోసం మనుషులు పడ్డ పాట్లు వేరే. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో హార్డీ, వుల్ఫ్, గూడెల్ అనే ముగ్గురు తమ నుదుటికి తామే నల్లసిరా పూసుకుని, దాని మీద దీపపు వేడిని కేంద్రీకరించి కాల్చుకున్నారు. వేడి సమంగా పీల్చుకోవడానికే ఆ నలుపు. ఆ సిరా పేరు ఇండియా ఇంకు. నుదుటిన నల్లచుక్కతో బల్ల ముందు కూర్చున్న ఆ ముగ్గురినీ తలుచుకుంటే దిష్టి తీయాలనిపిస్తుంది. కొలతకు వాళ్లు పెట్టుకున్న పేరు డోల్. కొలబద్ద పదిన్నర డోళ్ల దగ్గర ముగిసింది. తర్వాత హార్డీ ఒక వైద్యుడితో కలిసి ప్రసవిస్తున్న స్త్రీల దగ్గరికి వెళ్లి, ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య వాళ్ల చేతి మీద వేడి పెట్టి, ఇది ఎక్కువా అది ఎక్కువా అని అడిగాడు. ఆ సమయంలో ఆ ప్రశ్న అడిగి క్షేమంగా ఇంటికి చేరిన మగవాడి గుండెనిబ్బరాన్ని ముందు కొలవాల్సింది. తెలుగులో ఏ విశేషణమూ లేకుండా "నొప్పులు వస్తున్నాయి" అంటే అర్థం ఒక్కటే. మిగిలినవన్నీ కాలినొప్పి, మెడనొప్పి అని ఇంటిపేరు చెప్పుకోవాలి.

ఇంత జరిగాక ఈ శాస్త్రం ఆడవాళ్ల వైపు మళ్లిందనుకుంటారేమో. నొప్పి పరిశోధనకే అంకితమైన పెయిన్ పత్రికను మోగిల్, ఒక సహ పరిశోధకుడు 2005లో వెనక్కి తిరగేశారు. గత పదేళ్లలో అందులో వచ్చిన జంతు పరిశోధనల్లో కనీసం 79 శాతం మగ జంతువుల మీదే జరిగాయి. దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అయినా సరే. ఆడ ఎలుకల్లో హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు చెదిరిపోతాయి అనేది చాలాకాలం నడిచిన సాకు. వాటి ఫలితాలేమీ ఎక్కువగా చెదరవని 2014లో లెక్కలు చూసి మరీ తేల్చారు. ఆ మరుసటి సంవత్సరం మెక్‌గిల్ బృందమే ఇంకోటి చెప్పింది. నొప్పిని పెంచే పనిలో మగ ఎలుకల వెన్నుపాములో మైక్రోగ్లియా అనే కణాలు ముందుంటే, ఆడ ఎలుకల్లో ఆ పని వేరే రోగనిరోధక కణాలు చేస్తున్నాయట. అంటే అన్నేళ్లూ ఒక ఇంటి తాళంచెవి చేసి ఇంకో ఇంటికి పంపుతున్నామన్నమాట.

నా విజ్ఞాపనకు ఆధారంగా మా అమ్మ వాంగ్మూలం జతచేద్దామనుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

గత డిసెంబరులో ఆవిడను మోకాలి నొప్పికి ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరమ్మ కుర్రవయసు మనిషి, ఓపికగా అడిగింది. "సున్నా నుంచి పదిలోపు ఎంత నొప్పో చెప్పండమ్మా." అమ్మ ఒకసారి నా వైపు చూసింది. "రెండు" అంది. ఉదయం మంచం దిగడానికి గోడ పట్టుకుని పావుగంట నిలబడ్డ మనిషి. నేను ఎక్స్‌రేకు డబ్బు కట్టి వచ్చేసరికి కాగితం మీద రెండు కొట్టేసి ఉంది, పక్కన తొమ్మిది.

"ఇందాక రెండన్నావు కదమ్మా?"

"ఇందాక అంతే ఉందిరా."

పరిచయం లేని మగ జంతువులు అని ఆ టీషర్టు వ్యాసంలో స్పష్టంగా ఉంది. సొంత కొడుకు ఏ లెక్కలోకి వస్తాడో మాంట్రియల్‌కు ఉత్తరం రాసి కనుక్కుందామనుకున్నాను. ఏభై ఏళ్ల పరిచయం చాలదా అని కూడా అడుగుదామనుకున్నాను. చివరికి రాయలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి శాస్త్రీయంగా ఉందామని నేను లోపలికే వెళ్లలేదు. తలుపు వేయించి, బయట బెంచీ మీద ఆ చివర కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు అమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చీటీ తీసుకుని చూశాను. రెండు.

లోపల ఏసీ చల్లగా ఉంటుందని వెళ్లేముందు నేనే విప్పి ఇచ్చిన స్వెట్టరు ఆవిడ భుజాల మీద ఉంది.