చార్మినార్ బొమ్మ వేస్తే హైదరాబాద్ టైల్ అయిపోతుందా?

ఇల్లు కట్టుకుంటున్న చుట్టాలకి తోడుగా ఈ మధ్య ఒక టైల్స్ షోరూమ్‌కి వెళ్లాను. ఒక గోడ నిండా నగరాల పేర్లతో డిజైనర్ టైల్స్ పెట్టారు. హైదరాబాద్ పేరుతో ఏముందా అని చూస్తే లేత గోధుమరంగు మీద చార్మినార్ బొమ్మ. 'స్టవ్ వెనకాల హైలైటర్‌గా వేయించండి సార్, అదిరిపోతుంది' అన్నాడు సేల్స్ కుర్రాడు. పోపు పెట్టినప్పుడల్లా చార్మినార్ మీద ఆవాలు చిట్లుతాయన్నమాట!

నగరాన్ని చూసి టైల్ గీయడంలో తప్పేమీ లేదు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఆంటోనీ గౌడీ అనే ఆర్కిటెక్ట్ 1904లో కాసా బాట్లో అనే ఇంటి కోసం ఆరు భుజాల టైల్ ఒకటి తయారుచేశాడు. నిజానికి అది సిరామిక్ కాదు, సిమెంట్‌ది. చివరికి దాన్ని పరిచింది కూడా ఇంకో ఇంట్లో, కాసా మిలాలో. ఒక్క టైల్ చేతిలోకి తీసుకుని చూస్తే ఏవో వంకర గీతలు తప్ప ఏమీ అర్థం కాదు, ఏడు టైల్స్ పక్కపక్కన పేరిస్తేనే నక్షత్ర చేప, నత్తగుల్ల, సముద్రపు నాచు పూర్తిగా కనబడతాయి. తర్వాత్తర్వాత ఆ డిజైన్‌నే ఆ నగరంలోని పాసేజ్ ద గ్రాసియా అనే వీధి ఫుట్‌పాత్ మీదా పరిచారు. దాని మీద ఏ భవనం బొమ్మా లేదు, అయినా అది బార్సిలోనా టైల్ అని చూసినవాళ్లెవరైనా చెప్పేస్తారు.

అంత దూరం ఎందుకు, చార్మినార్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాప సభలు జరిగే చోటు. కుతుబ్‌షాహీల కాలం నాటి పసుపు, నీలం, ఆకుపచ్చ టైల్ ముక్కలు, ఏ రంగుకి ఆ రంగు విడిగా కోసి అతికినవి, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా మెరుస్తూ ఉంటాయి. 1908 మూసీ వరదకి గోడ కింది భాగం దెబ్బతింది. బాగుచేసినవాళ్లు పోయిన టైల్స్ చోట వాటిలాగే కనబడేలా రంగులు వేశారు. అంటే పైన అసలు టైల్, కింద టైల్‌ని చూసి వేసిన బొమ్మ. రెండూ ఒకే గోడ మీద ఉన్నా తేడా తెలిసిపోతుంది.

షోరూమ్‌లో నేను చూసింది ఆ కింది భాగం లాంటిదే.

ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న డిజైన్ టైల్స్ చాలా వరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తున్నాయి, డిజైన్ అంతా ఇంక్‌జెట్ ప్రింటే. రాయి, చెక్క, తుప్పు పట్టిన ఇనుము, ఏది ఫోటో తీసిస్తే అది టైల్ మీద దిగుతుంది. తాండూరు బండలా కనబడే టైల్ కూడా చూపించాడు, తాండూరేమో ఇక్కడే వికారాబాద్ జిల్లాలో ఉంది! కానీ చార్మినార్ అందమంతా సున్నపు గచ్చుపనిలో ఉంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఆ పూల కింద నీడ జరుగుతూ ఉంటుంది. ప్రింట్‌లో నీడ ఎప్పుడూ ఒకే వైపు. కిటికీ కుడివైపు ఉండి టైల్ మీద నీడ కూడా కుడివైపే పడితే ఎంత వెర్రిగా ఉంటుందో ఊహించుకోండి.

అసలు గొడవ జాయింట్ దగ్గరే ఉందని నాకనిపిస్తుంది. గౌడీ టైల్‌లో బొమ్మ పుట్టేదే జాయింట్ దగ్గర, ఆషూర్‌ఖానా గోడ మొత్తం జాయింట్లే. మన షోరూమ్‌లో మాత్రం 'రెండు బై నాలుగు అడుగుల టైల్ సార్, జాయింటే కనబడదు' అని గొప్పగా చెబుతారు. కొనేవాళ్లని తప్పు పట్టలేం లెండి, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌లో పేరుకున్న జిడ్డు బ్రష్ పెట్టి తోమేది వాళ్లే, చిన్న ముక్కలంటే మేస్త్రీ కూలీ పెరుగుతుంది. హాలంతా ముక్కలు అతికించమని నేనూ అనను. కానీ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి జాలీల్లో, అంటే చిల్లుల రాతి తెరల్లో, గీతలు కలిసే లెక్క పట్టుకుని, గీతలు అంచు దాటి పక్క టైల్‌లోకి వెళ్లేలా ఒక్క టైల్ గీస్తే చాలు, మెట్ల నిలువు భాగానికో, బాల్కనీకో సరిపోతుంది. బొమ్మ అక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు.

మావాళ్లు చార్మినార్ వద్దన్నారు, ఆ మాత్రం సంతోషం. ఇటాలియన్ మార్బుల్ ప్రింట్ తీసుకున్నారు. జాయింట్ కనబడదట.