ఫైట్ చేసినవాడి పేరు వెయ్యండి

మా నెల్లూరు కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని స్టార్ హీరోల ఫైట్లను షాట్ తర్వాత షాట్ అచ్చం అలాగే తీస్తే జనం ఎంత మురిసిపోయారో గుర్తుంది కదా. డబ్బుల్లేకుండా ఫైట్ తీయడం ఎంత కష్టమో వాళ్లను చూస్తే తెలుస్తుంది. అందుకే డెబ్భైల, ఎనభైల నాటి హాంకాంగ్ చవక కరాటే సినిమాల క్లిప్పులు పెట్టి, అందులో నటించినవాళ్లను వెక్కిరిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు వాళ్లది కాదు, వాళ్లను వాడుకున్నవాళ్లది.

1973 జూలై 20న బ్రూస్ లీ పోయాడు. వయసు 32. ఆయన 1972లో కొంత తీసి ఆపేసిన 'గేమ్ ఆఫ్ డెత్'ను 1978లో డూపులతో పూర్తి చేసి వదిలారు. ఒక షాట్‌లో డూపు ముఖం కనబడే చోట అద్దం మీద ఆయన ముఖం ఫొటో అతికించారు. ఆయన నిజమైన అంత్యక్రియల దృశ్యాలనే కథలో హీరో అంత్యక్రియలకు వాడేశారు! తీసింది చిన్నాచితకా కంపెనీ కాదు, గోల్డెన్ హార్వెస్ట్. పెద్దవాళ్లే అలా చేస్తే చిన్నవాళ్లు ఆగుతారా? తైవాన్ నటుడు హో చుంగ్ టావోను 'బ్రూస్ లి' చేశారు. హువాంగ్ కిన్ లుంగ్‌ను 'బ్రూస్ లె' చేశారు. ఒళ్లు హూనం చేసుకున్నది వీళ్లు, పోస్టర్ మీద అమ్ముడుపోయింది చనిపోయినవాడి పేరు.

ఇక హాంకాంగ్ డైరెక్టర్ గాడ్‌ఫ్రే హో తీసిన నింజా సినిమాలు, అంటే ముసుగు వేసుకున్న జపాన్ యోధుల సినిమాలు. ఎక్కడో తీసిన, ఎవరూ చూడని ఆసియా సినిమా ఒకటి చవగ్గా కొంటారు. రిచర్డ్ హారిసన్ లాంటి విదేశీ నటుడితో కొన్ని నింజా సీన్లు తీస్తారు. రెండూ కలిపి కత్తిరించి, మధ్యలో ఫోన్ సంభాషణలు పెట్టి, డబ్బింగ్‌లో కొత్త కథ చెప్పించేస్తారు. ఈ పాత సినిమావాడు ఆ నింజాను జన్మలో కలవడు, ఫోన్‌లో మాత్రం మాట్లాడేస్తాడు. ఎడిటింగ్ తెలివి అని మెచ్చుకోవచ్చు, నేనూ కాదనను. కానీ కొద్ది సినిమాలకని ఒప్పుకున్న హారిసన్, ఆ ముక్కలతోనే తను ఒప్పుకోని సినిమాలెన్నిటిలోనో తేలాడు. ఆయన కెరీర్‌కు అది పెద్ద దెబ్బ.

మనవైపు సుమన్, భానుచందర్ కరాటే నిజంగా నేర్చుకుని వచ్చారు కాబట్టే వాళ్ల కాలు లేస్తే జనం నమ్మారు. ఆ హాంకాంగ్ కుర్రాళ్లదీ నిజమైన విద్యే. గ్రాఫిక్స్ లేవు, దెబ్బ తగిలితే తగిలినట్టే.

ఇప్పుడు ఫోన్‌లోనే ముఖం మార్చేసే యాప్‌లు వచ్చాయి. ఒంగోలులో, కావలిలో, మా నెల్లూరులో యాక్షన్ షార్ట్ ఫిల్మ్ తీసే తమ్ముళ్లకు నేను అడిగేది ఇంతే. పోయిన హీరో ముఖం తెచ్చి మీ ఫైటర్‌కు తగిలించకండి. బడ్జెట్ ఎంత తక్కువైనా కింద పరుపు వేశాకే దూకమనండి. ఒక సినిమాకని తీసిన షాట్‌ను ఇంకోదానికి వాడాలంటే ఆ కుర్రాణ్ణి ముందు అడగండి, డబ్బులివ్వండి. టైటిల్స్‌లో డైరెక్టర్ పేరు ఎంత పెద్దగా వేస్తారో, కింద పడి లేచినవాడి పేరూ అంతే పెద్దగా వెయ్యండి.