బోర్డు వేలాడదీసి ఊరుకున్న పబ్బుగారికి

మహారాజశ్రీ ఇంగ్లండ్ పల్లెటూరి పబ్బుగారికి,

రెడింగ్ నుంచి ఆరేళ్లుగా మీ గడప తొక్కుతున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ పేరు రాయను. చిల్టర్న్ కొండల్లో ఒక మలుపు దగ్గర, పైన గద్దలు తిరుగుతూ ఉండే చోట ఉంటారని మాత్రం చెప్తాను. మీ బోర్డు మీద బొమ్మ సింహమో, హంసో, ఓక్ చెట్టో. మీలాంటివాళ్లు ఈ దేశంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి చదివిన ప్రతి పబ్బూ తన గురించే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అసలు మీ పేరు దగ్గరే నాకు పేచీ. నేను హైదరాబాద్ నుంచి వచ్చినవాణ్ణి. మాకు పబ్ అంటే జూబ్లీహిల్స్. గేటు దగ్గర బౌన్సర్, లోపల డీజే, జంటగా వస్తేనే ఎంట్రీ. ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసువాళ్లు "ఆదివారం పబ్‌కి వెళ్దాం" అంటే, నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని, సెంటు దట్టంగా కొట్టుకుని దిగాను. డీజే ఉండాల్సిన చోట పొయ్యి ఉంది. పొయ్యి ముందు తడిసిన కుక్క ఒకటి పడుకుని ఉంది. దాని పక్కన బురద బూట్లతో ఒక ముసలి జంట క్రాస్‌వర్డ్ నింపుకుంటున్నారు. నా సెంటు వాసనకి కుక్క తుమ్మింది. ఆ గదిలో నేను వచ్చానని గుర్తించింది అదొక్కటే.

పబ్లిక్ హౌస్ అంటే అందరి ఇల్లు అని తర్వాత తెలిసింది. సంతోషం. మరి అందరి ఇల్లయినప్పుడు ఆ ఇంటి పద్ధతులేమిటో ఎక్కడైనా రాసి పెట్టాలి కదండీ? మా వైపు మంగలి షాపులో కూడా "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని రాసి ఉంటుంది. కిరాణా కొట్లో "అప్పు రేపు" అని ఉంటుంది. చదువుకున్నవాడు చదువుకుంటాడు, చదువు రానివాడు అడుగుతాడు. మీకైతే బోర్డులు పెట్టడం కొత్తేమీ కాదు. 1393లో రెండో రిచర్డ్ రాజు, ఏల్ అనే మీ పాతకాలపు బీరు అమ్మేవాళ్లు బయట బోర్డు వేలాడదీయకపోతే ఉన్న ఏల్ జప్తు చేస్తామన్నాడు. భయపడి ఆ రోజు సింహం బొమ్మ వేలాడదీశారు. అంతే, మళ్లీ కలం పట్టలేదు.

అబద్ధమెందుకు, లోపల ఒకటి రాశారు. దూలం మీద. "డక్ ఆర్ గ్రౌస్" అని. రెండూ పక్షుల పేర్లే కదా, భోజనంలో బాతు కావాలా, అడవికోడి కావాలా అని అడుగుతున్నారనుకున్నాను. దాన్ని చదువుతూ నడిచి తల దూలానికి కొట్టుకున్నాక అర్థమైంది: తల వంచుకో, లేదా సణుక్కో అని మీ శ్లేష. అవసరమైన సమాచారం ఇవ్వాల్సి వచ్చిన ఒకే ఒక్క సందర్భంలోనూ మీరు జోకు వేశారు.

మొదటిరోజు నేను టేబుల్ దగ్గర కూర్చుని వెయిటర్ కోసం నలభై నిమిషాలు చూశాను. ఎవరూ రాలేదు. ఎవరూ రారని ఎవరూ చెప్పలేదు. కౌంటర్ దగ్గరికి మనమే వెళ్లాలట, టేబుల్ నంబర్ చెప్పాలట, ముందే డబ్బు కట్టాలట. సరే, వెళ్లాను. అక్కడ ఆరుగురు తలో దిక్కు చూస్తూ నిలబడ్డారు. లైను లేదు కదా అని మా నల్గొండ బస్టాండ్ అలవాటు కొద్దీ సందులో దూరి ఇరవై పౌండ్ల నోటు ఊపాను. గది చల్లబడింది. లైను ఉందట. కంటికి కనపడదట. ఎవరు ఎవరి తర్వాత వచ్చారో ఆ ఆరుగురికీ, లోపలున్న అమ్మాయికీ కూడా తెలుసట. పోనీ, నన్ను ఎవరైనా తిట్టారా? తిడితే బాగుండు. అందరూ నాకే "సారీ" చెప్పారు.

ఇంకో విషయం. మీ దగ్గరికి బస్సు రెండు గంటలకొకటి, ఆదివారం అదీ లేదు. అంటే కారు వేసుకునే రావాలి. వచ్చినవాడికి పైంట్ అని పిలిచే 568 మిల్లీలీటర్ల గ్లాసు నిండా ఏల్ పోస్తారు. బయట చట్టమేమో నూరు మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే లైసెన్సు పీకుతుంది. ఈ చిక్కుముడి మా ఇంట్లో ఎలా విడిపోయిందంటే, మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది. మీ ఏల్ గురించి ఈ ఉత్తరంలో నేను రాసే ప్రతి మాట వెనకా ఆమె తాగిన ఒక లైమ్ సోడా ఉంది.

భోజనం సంగతికొద్దాం. మధ్యాహ్నం రెండు ముప్పై ఐదుకి వస్తే "కిచెన్ మూసేశాం, లవ్" అంటారు. ఆకలి మీద ఉన్నవాణ్ణి పట్టుకుని లవ్ ఏమిటండీ? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఆయుధ ఫ్యాక్టరీల పనివాళ్లు తాగి పడుకుంటారని మిమ్మల్ని మధ్యాహ్నాలు మూయించారు. ఆ రూలు మామూలు రోజులకి 1988లో, ఆదివారాలకి 1995లో ఎత్తేశారు. మీ వంటగదికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఆ పూట మేం నలుగురం నాలుగు చిప్స్ ప్యాకెట్లు చింపి మధ్యలో పరుచుకుని, గుళ్లో ప్రసాదంలా పంచుకుని తిన్నాం.

టైముకి వస్తే మెనూలో "ప్లోమన్స్ లంచ్". దుక్కి దున్నేవాడి భోజనం! పేరు వినగానే మా తాత గుర్తొచ్చి ఆర్డర్ చేశాను. చెడ్డార్ చీజ్ దిమ్మ, రొట్టె, ఊరబెట్టిన ఉల్లిపాయ, సగం యాపిల్, నల్లటి తీపి పచ్చడి. తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది. రొట్టె, చీజ్, ఏల్ మీ రైతులు ఎప్పట్నుంచో తింటున్నవే గానీ, ఈ పేరుతో దీన్ని ఊరూరా మెనూల్లోకి ఎక్కించింది మాత్రం 1950లలో చీజ్ బ్యూరో, 1960లలో మిల్క్ మార్కెటింగ్ బోర్డు. యుద్ధకాలం నాటి రేషన్ పోయాక చీజ్ అమ్ముకోవాలిగా. అనాదిగా వస్తున్న సంప్రదాయం అనుకుని నేను కళ్లు మూసుకుని తిన్నది ఒక ప్రకటన! మా తాత జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తిని దున్నాడు. దానికి పేరు పెట్టి అమ్మాలని మా వాళ్లెవరికీ తట్టలేదు, అది వేరే బాధ.

యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో తీపి ఎందుకు లేదని నేనిప్పుడు అడగను. ఆ గొడవ మొదటి ఏడాదిలోనే అయిపోయింది. దాని గుంటలో గ్రేవీ పోసుకుని తినడం వచ్చాక ఇక అడగాలనిపించలేదు కూడా.

కానీ మా గుంటూరు స్నేహితుడికి మీరు చేసింది మాత్రం మర్చిపోలేను. శుద్ధ శాకాహారి. చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేయిస్తారేమోనని మూడుసార్లు అడిగాడు. అవుననగానే చిప్స్ మానేశాడు. సలాడ్‌లో చేపముక్కలున్నాయేమోనని ఆకులు ఎత్తి చూశాడు. ఆ తర్వాత నిశ్చింతగా రెండు పైంట్ల ఏల్ తాగాడు, బార్లీయే కదా అని. మబ్బుగా ఉండే ఏల్ తేటపడటానికి పీపాలో వేసేది చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థమని మూడో పైంట్ ముందు పక్క టేబుల్ పెద్దాయన చాలా ప్రేమగా వివరించాడు. ఇప్పుడలా వేయని ఏల్ కూడా దొరుకుతోంది, నిజమే. కానీ ఆ రోజు పంపు మీద ఎక్కడైనా చిన్న చేప బొమ్మ వేసుంటే మీ సొమ్మేం పోయింది? సింహం బొమ్మ వేయడం వచ్చినవాళ్లకి చేప బొమ్మ రాదా? మావాడు ఆ రాత్రి తలస్నానం చేశాడు.

ఇక ఏల్. మా వాళ్లంతా దీన్ని "వేడి బీరు" అని ఎగతాళి చేస్తారు. మీ తరఫున వాదించింది నేనే పబ్బుగారూ, గుర్తుపెట్టుకోండి. వేడి కాదు, నేలమాళిగ చల్లదనం, 11 నుంచి 13 డిగ్రీలు, అంతకంటే చల్లబడితే రుచి తెలియదు అని చెప్పాను. వడకట్టి చంపేసిన బీరు కాదు, పీపాలో ఇంకా పులుస్తూ ఉండే బతికున్న బీరు అని చెప్పాను. ఇలాంటి ఏల్‌ని కంపెనీల గ్యాసు బీరు మింగేస్తుంటే కాపాడుకోవడానికి 1971లో నలుగురు మిత్రులు ఉద్యమమే మొదలుపెట్టారని కూడా చెప్పాను. ఇంత చెప్పినవాణ్ణి, నాకు మీరిచ్చిన ఏల్ ఎలా ఉందో ఒక్కనాడు నోరు తెరిచి చెప్పలేదు. ఒక్కోసారి కొంచెం పుల్లగా ఉండేది. అది ఇంగ్లిష్ రుచి కాబోలు, మనకే అలవాటు లేదు అనుకుని మింగేవాణ్ణి.

పోయిన వేసవిలో మా నాయిన వచ్చాడు. మాది కల్లు గీసే కులం కాదు గానీ, తాగడంలో ఆయనకి అరవై ఏళ్ల అనుభవం. తాటాకు రేకలో పోసిన కల్లు ఒక్క గుక్క తాగి అది పోతుతాడుదో (మగచెట్టు) పండుతాడుదో (ఆడచెట్టు), లొట్టి ఎప్పుడు దించారో చెప్పగలడు. ఆదివారం మీ దగ్గరికి తీసుకొచ్చాను. పైంట్ తెచ్చి ముందు పెట్టాను. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"పులిసింది."

"అది గట్లనే ఉంటది నాయినా. దాని రుచే గది."

"రుచి గాదురా, పులుపు. మొన్నటిది గిది. నీకు తెల్వకుంటే తాగు, నేను తాగ."

గ్లాసు పట్టుకుని లేచాడు. ఆపే లోపే కౌంటర్ దగ్గరికి, కనపడని లైను మొత్తం చీల్చుకుంటూ వెళ్లిపోయాడు. నేను వెనక "సారీ, సారీ" అనుకుంటూ పరిగెత్తాను. నాయిన మీ ల్యాండ్‌లార్డ్ (అంటే పబ్బు నడిపే ఆయన) ముందు గ్లాసు పెట్టి, తనకున్న ఇంగ్లిష్ మొత్తం ఒకేసారి ఖర్చు పెట్టాడు. "ఓల్డ్. సోర్. నో."

మీ ల్యాండ్‌లార్డ్ వాసన చూశాడు. వెలుగులో పట్టి చూశాడు. తానొక చుక్క పంపు కొట్టి చప్పరించాడు. ముఖం అదోలా పెట్టి, ఏమీ మాట్లాడకుండా పంపు మీదున్న ఏల్ పేరు బిళ్లని వెనక్కి తిప్పేశాడు. అంటే అది ఇక అమ్మడని. అప్పుడు వినాలి మీ వాళ్ల మాటలు! కౌంటర్ చివర నిలబడ్డ పెద్దాయన "శుక్రవారం నుంచే నాకు అనుమానంగా ఉంది" అన్నాడు. ఇంకొకావిడ "నిన్న నేనూ అనుకున్నాను" అంది. శుక్రవారం నుంచి! మూడు రోజులుగా ఊరంతా పులిసిన ఏల్ తాగుతూ, గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు "లవ్లీ, థాంక్యూ" అంటోందన్నమాట.

లెక్క కష్టమేమీ కాదు. తొమ్మిది గ్యాలన్ల పీపా అంటే 72 పైంట్లు. ఏల్ బయటికి వచ్చిన కొద్దీ లోపలికి గాలి వెళ్తుంది. తెరిచాక మూడు రోజుల్లో అవగొట్టాలి. మీ ఊళ్లో మామూలు రోజున తాగేది పట్టుమని పదిమంది, వాళ్లలో సగం మంది సగం పైంట్ బాపతు. పులవక ఏం చేస్తుంది? మా కల్లుకి ఆపాటి గడువు కూడా ఉండదు. పొద్దున దించింది పొద్దుగూకేసరికి ఘాటెక్కుతుంది. అందుకే మా దగ్గర పులిసిందని చెప్పడం తప్పు కాదు. చెప్పకుండా తాగినవాణ్ణే వెర్రివాడంటారు.

మీ ల్యాండ్‌లార్డ్ కొత్త పీపా నుంచి ఒక పైంట్ పంపు కొట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. నాయిన తాగి, మీసం తుడుచుకుని, "గిది మంచిగుంది" అన్నాడు. నేను తర్జుమా చేయకముందే అందరికీ అర్థమైంది. లైను చీల్చినందుకు ఎవరూ ఆయనకి సారీ చెప్పలేదు. నాకు ఆరేళ్లలో దక్కని గౌరవం అది.

ఇప్పుడు అసలు విషయం. 1393లో రాజుగారు మిమ్మల్ని బోర్డు ఎందుకు పెట్టమన్నాడో మీకు గుర్తుందా? దారిన పోయే నాలాంటివాడి కోసం కాదు. ఏల్ రుచి చూసి బాగుందో లేదో తేల్చే అధికారి అప్పట్లో ఊరూరా తిరిగేవాడు. అతనికి ఇల్లు తెలియడానికట ఆ సింహం. ఆ ఉద్యోగాలు ఎప్పుడో పోయాయి. సింహం మాత్రం గాలికి ఊగుతూ ఇన్నాళ్లూ ఎదురుచూసింది. చివరికి నల్గొండ నుంచి ఒక మనిషి రావాల్సి వచ్చింది, అదీ విజిటర్ వీసా మీద.

ఆయన ఊరికి వెళ్లిపోయినా వీడియో కాల్‌లో నా ఆరోగ్యం కంటే ముందు "గా పీపా మార్చిండా?" అని అడుగుతున్నాడు. మీ ల్యాండ్‌లార్డ్ ఆయన ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడు. ఈ ఇద్దరి మధ్యా నేను పోస్ట్‌మన్‌ని అయ్యాను.

వచ్చే జూన్‌లో వస్తున్నాడు. రెండో ఆదివారం ఒంటిగంటకి నలుగురికి టేబుల్ రాసి పెట్టండి. రెండున్నర లోపే తినేస్తాం. గురువారం తెరిచిన పీపా అయితే ముందే ఫోన్ చేయండి, ఆ తర్వాతి ఆదివారానికి మార్చుకుంటాం.

ఇట్లు,
టేబుల్ నంబర్ 14, కిటికీ పక్కన
(మా ఆవిడకి ఎప్పటిలాగే లైమ్ సోడా)