"మనసు గట్టిగుంటే మీటింగు ఎందుకు?" అనే మెసేజీకి జవాబు

మహారాష్ట్రలోని సిరొంచా, రాజురా, బల్లార్షా వైపు తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక మెసేజీ తిరుగుతోంది. "తాగుడు మానాలంటే మనసు గట్టిగుంటే చాలు, ఈ రోజే బంద్ పెట్టండి. మాట వినకపోతే కూరలో బిళ్ళ కలపండి. ఏఏ మీటింగులు సిటీవాళ్ళకు. అక్కడ పేర్లు రాసుకుంటారు, మతంలో కలుపుతారు, తెలుగు రాదు. మనది దారూబందీ (మద్యనిషేధం) జిల్లా, తాగుతానని ఒప్పుకుంటే కేసే." ఇదీ దాని సారం. (ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూర్చునే గ్రూపులు.) ఇందులో "ఈ రోజే బంద్", "కూరలో బిళ్ళ" అన్న రెండు మాటలూ ప్రాణం తీయగలవు, కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

"ఈ రోజే బంద్ పెట్టండి." ఎప్పుడో ఒకసారి తాగేవాళ్ళు అలా మానేయొచ్చు. పొద్దున లేవగానే చేతులు వణికి, గ్లాసెడు సారా పడితేగానీ నిలవని మనిషి వైద్యుడి సాయం లేకుండా అలా ఒక్కసారిగా మానకూడదు. ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. 48 గంటల లోపు మూర్ఛ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేని మనుషులు కనబడతారు, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం పెరుగుతుంది. ఆ స్థితికి వైద్యం అందకపోతే చనిపోతారు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఇంట్లో ప్రయత్నమే వద్దు, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. ఊళ్ళో గ్లూకోజు బాటిల్ పెట్టించి ఊరుకోవడం కూడా సరిపోదు. విటమిన్ బీ1 ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా అని నోరు తెరిచి అడగండి.

"కూరలో బిళ్ళ కలపండి." ఆ బిళ్ళ డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల వరకూ ఉంటుంది. డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుని, తాగి కనీసం 12 గంటలు దాటాక వేసుకునే మందు అది. చెప్పకుండా పెట్టడమంటే విషం పెట్టినట్టే, దయచేసి ఆ పని చేయకండి.

కేసు భయం సంగతి. సిరొంచా ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. రాజురా, బల్లార్షా ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. నిషేధం ఉన్నచోటైనా మీటింగులో హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. చివర్లో తిప్పే సంచీలో కొత్తవాళ్ళు ఏమీ వేయనక్కరలేదు. తాగుడు మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత లేదు. పైగా నిషేధం సరుకును తగ్గిస్తుందే తప్ప ఒంటికి పట్టిన అలవాటును తగ్గించదు. దాడులు జరిగి ఇప్పసారా దొరకని వారంలో పైన చెప్పిన వణుకూ మూర్ఛా వచ్చేది మన పల్లెల్లోనే.

మతం సంగతి చిన్నది. దేవుడి మాట వినబడుతుంది, కానీ ఏ దేవుడో ఎవరి ఇష్టం వారిది. చర్చి గది అద్దెకు తీసుకున్నంత మాత్రాన అది చర్చి కాదు.

ఇక "మనసు గట్టిగుంటే చాలు" అన్న అసలు మాట. 2020లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను కలిపి చూసింది. మనిషిని పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపిస్తే, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఇతర చికిత్సలకంటే మెరుగని తేల్చింది. పట్టుదల ఒక్కటే చాలకపోవడానికి కారణం ఉంది. తాగాలనే తపన సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఆ గంటలో ఫోను ఎత్తే మనిషి ఉండాలి, మీటింగు ఇచ్చేది ఆ మనిషినే.

వెతకడం ఇలా. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరు చూసి, అక్కడున్న నంబరుకు వెళ్ళే రోజే ఫోన్ చేయండి. గదులు మారిపోతాయి, పండగరోజుల్లో తాళం ఉంటుంది, జాబితా పాతదై ఉండొచ్చు. నాలుగు సంగతులు అడగండి: గది గుమ్మం ఎటువైపు, ఎన్నింటికి ముగుస్తుంది, తెలుగు తెలిసినవారు ఉన్నారా, ఓపెన్ మీటింగా క్లోజ్డా. క్లోజ్డ్ మీటింగుకు మానాలనుకునేవాళ్ళే రావాలి, ఓపెన్‌కు భార్యో అన్నో తోడు రావచ్చు. ఇంటివాళ్ళకు అల్-అనాన్ అనే గ్రూపు వేరే ఉంది. సాయంత్రం మీటింగు అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోవడం మన వైపు మామూలే, అందుకే ఆదివారం పగటి మీటింగు ఉందేమో అడగండి. సిరొంచావాళ్ళకు చంద్రపూర్ దూరం. ప్రాణహిత దాటి చెన్నూరు, మంచిర్యాల వైపు గ్రూపుల గురించి హైదరాబాద్ ఏఏ వాళ్ళను అడగడం మేలు. ఆన్‌లైన్ తెలుగు మీటింగు లింకు కూడా వాళ్ళనే అడగండి. లోపలికి వెళ్ళేముందు స్క్రీన్ మీద ఫోను చూపించే పూర్తి పేరు తీసేసి ఒక్క పేరే పెట్టుకోండి. కెమెరా ఆపుకోవచ్చు.

పది నిమిషాలు ముందు వెళ్ళండి. గంట, గంటన్నర ఉంటుంది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అంటే చాలు. తాగి వెళ్ళినా గెంటేయరు, కూర్చుని వినండి. చాలామంది మీటింగు అవగానే చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. అసలు పని జరిగేది ఆ తర్వాతి టీ దగ్గరే. ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకుని, మర్నాడు బాగున్నప్పుడే ఒకసారి ఫోన్ చేయండి. బాగున్నప్పుడు చేయనివాళ్ళు తపన పుట్టినప్పుడు అస్సలు చేయరు. ఒక్క మీటింగు చూసి తీర్పు చెప్పకండి, కనీసం ఆరు చూడండి.

దగ్గరలో గ్రూపే లేకపోతే? మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, వేరే సంస్థకు అనుబంధం లేకుంటే, దాన్నే ఏఏ గ్రూపు అనవచ్చు. వారంలో ఒకే రోజు, ఒకే వేళ, వీధిలోంచి నేరుగా లోపలికి వెళ్ళగలిగే ఒక గది చూసుకోండి. పుస్తకాల కోసం, పేరు జాబితాలో చేర్చడానికి ముంబైలోని ఏఏ జనరల్ సర్వీస్ ఆఫీసుకు రాయండి. ఈలోగా మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉచితం. 14416లో భాష తెలుగు కావాలని చెప్పండి.