బాండెడ్ పెట్టెయ్ తమ్మీ

మొన్న శుక్రవారం నల్గొండలో మా మేడ మీది గదిలో కూర్చుని, రైస్ మిల్లు కన్వేయర్ బ్రాకెట్ బరువుకు ఆగుతుందో లేదో కంప్యూటర్లో లెక్క చూద్దామని, దాని బొమ్మ మీద 5 వేల న్యూటన్ల బలం పెట్టి సాల్వ్ నొక్కాను. ఫలితం వచ్చింది. 20 మిల్లీమీటర్ల పిన్ను తన రంధ్రం వదిలి 4 కోట్ల మిల్లీమీటర్లు జరిగింది. అంటే 40 కిలోమీటర్లు. రమారమి మిర్యాలగూడ. బ్రాకెట్ చేరాల్సిన మిల్లు కూడా అక్కడే కనుక, ట్రాన్స్‌పోర్టు ఖర్చు మిగిలిందని మొదట సంతోషించాను.

తప్పు పిన్నుది కాదు. తెర మీద అది రంధ్రానికి ఆనుకున్నట్టే ఉంటుంది. జూమ్ చేస్తే తెలుస్తుంది అసలు సంగతి: లెక్క కోసం బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా కోసి మెష్ చేసేసరికి గుండ్రని రంధ్రం పలకలు పలకలైంది, పిన్నూ అంతే, మధ్యలో 0.03 మిల్లీమీటర్ల సందు. అలిగిన వియ్యంకులు ఒకే సోఫాలో కూర్చుని ఫొటోకి నవ్వుతారే, అలాంటి సందు. ఆపేవాడు లేకుండా బలం పడితే వస్తువు ఎక్కడ ఆగాలో సాల్వర్‌కు తెలియదు. లెక్క తెగదని చెప్పే జీరో పివట్ అనే ఒక ముక్క రాసి చేతులెత్తేస్తుంది, లేదా ఇలా మిర్యాలగూడ పంపిస్తుంది.

వైద్యం లేకపోలేదు. ముందు బలం కాకుండా, ఇంత దూరం జరుగు అని కాస్త డిస్‌ప్లేస్‌మెంట్ ఇచ్చి పిన్నును గోడకు ఆనించాలి, ఆనాక బలానికి మారాలి. ఆనుకునే రెండు ముఖాల్లో స్లేవ్ అని పేరు పెట్టిన వైపు మెష్ సన్నగా ఉండాలి. ఆనీ ఆనకుండా గిలగిలలాడుతుంటే, ఒకదాన్లోకి ఒకటి దూరకుండా తోసే పెనాల్టీ స్టిఫ్‌నెస్ పదో వంతుకు దించి చూడాలి. మరీ దించితే పిన్ను గోడలోకే దూరిపోతుంది. రెండు రోజుల పని. జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ మహాశయుడు 1882లోనే ఈ ఆనుకునే లెక్క, అదే కాంటాక్ట్ లెక్క, రాసిపెట్టాడు, నిజమే. ఆరింటికల్లా రిపోర్టు పంపమని ఆయనకు హైదరాబాద్ నుంచి ఫోన్ రాలేదు.

నాకొచ్చింది. "ఇంకా కాంటాక్టేనా? బాండెడ్ పెట్టెయ్ తమ్మీ!"

బాండెడ్ అంటే ఈ రెండు ముక్కలు ఇక విడిపోవు, జారవు, తిరగవు అని మనమే రాసేసుకోవడం. దీన్ని తిట్టేవాళ్లకు మన పద్ధతులు తెలియవు. అన్నదమ్ములు గెట్టు కాడ కొట్టుకుంటే పెద్దమనుషులు ఏం చేస్తారు? చేతులు కలిపించి, చాయ్ తాగించి, కాయితం మీద వేలిముద్రలు వేయిస్తారు. కాయితంలో సందు లేదు. మర్నాడు గెట్టురాయి రెండడుగులు జరిగితే అది కాయితం తప్పా?

పెట్టేశాను. 40 సెకన్లలో లెక్క కుదిరి కన్వర్జ్ అయింది. ఎంత చక్కని బొమ్మ! ప్రమాదం చూపే ఎరుపు మచ్చుకైనా లేదు. పిన్ను నొక్కే వైపు సరే, నొక్కని వైపు గోడ కూడా పిన్నును పట్టుకుని లాగుతూ బరువు పంచుకుంటోంది. అంత ఐకమత్యం. ఆరింటికి రిపోర్టు పోయింది, భేష్ అన్నారు.

సోమవారం మిర్యాలగూడ నుంచి ఫిట్టర్ ఫోన్ చేశాడు. పిన్నుకూ రంధ్రానికీ క్లియరెన్స్ ఎంతో డ్రాయింగులో లేదట.

"సందేమీ లేదు, రెండూ ఒకటే" అన్నాను, రిపోర్టు చూస్తూ.

అవతల కాసేపు గ్రైండర్ చప్పుడు.

"గట్లయితే పిన్ను ఎందుకు సారూ, వెల్డింగ్ కొట్టేస్త గద?"