నలభై అడుగుల వరండాకు బిల్లు ఆపేశారు

ఇప్పుడే మా పెద్దమ్మతో ఫోన్ మాట్లాడి పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. సొంత జాగాలో కట్టుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం డబ్బులిచ్చే ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని సంబరపడి, ఉన్న పెంకుటిల్లు కూలగొట్టుకుని, ముగ్గు పోయించి, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బేస్‌మెంట్ లేపింది. ఈరోజు పొద్దున ఆఫీసు సారు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. 640 చదరపు అడుగులు వచ్చింది. 600 దాటింది కాబట్టి మొదటి లక్ష బిల్లు పెట్టేది లేదన్నాడు. ఎక్కువైన ఆ 40 అడుగులు ఏంటో తెలుసా? ఇంటి ముందు వరండా. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు.

ఊళ్లో వరండా లేని ఇల్లు ఒక ఇల్లేనా? కల్లంలో ఉండగా వాన పడితే వడ్ల బస్తాలు ఎక్కడికి చేర్చాలి? స్ప్రే పంపు, యూరియా బస్తా తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టుకోవాలా? ఎండాకాలం రాత్రి మా పెదనాన్న మంచం వేసుకునేది అక్కడే. చుట్టం వస్తే కూర్చోబెట్టేది అక్కడే. నగరంలో ఫ్లాటు కొలతలు తెచ్చి పల్లె మీద పెడితే ఇలాగే ఉంటుంది. ఇంతకుముందు డబుల్ బెడ్రూం ఇళ్లు 560 అడుగులు. ఇప్పుడు గరిష్ఠంగా 600. ప్రభుత్వం మారినా రైతు ఇంట్లో ఏముంటుందో చూసినవాడు మాత్రం ఒక్కడూ రాలేదు.

ఐదు లక్షలు ఇస్తున్నారు, మంచిదే, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ 40 అడుగులకు ఆమె మిమ్మల్ని పైసా అడిగిందా? స్థలం తనది, ఇటుక తనది, అప్పు తనది. పెద్ద ఇల్లు కట్టేవాళ్లు పేదవాళ్లు కాదంట! రోజూ నాట్లకు, కలుపులకు కూలికి పోయే మనిషి ఆమె.

కొలతల మాట వస్తే నాకు ఇంకోటి గుర్తొచ్చి కడుపు రగిలిపోతుంది. 2008లో మా నాన్న ఊరి పక్కన వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొన్నాడు. రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వ ఆఫీసే. స్టాంప్ డ్యూటీ తీసుకుంది ప్రభుత్వమే. అప్పుడు ఆ వెంచర్‌లో రోడ్డు ఎన్ని అడుగులుందో, పార్కుకు జాగా వదిలారో లేదో చూడటానికి ఒక్క సారూ టేపు పట్టుకుని రాలేదు. పన్నెండేళ్ల తర్వాత, 2020 ఆగస్టులో, అనుమతి లేని లేఅవుట్ అని రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఎల్ఆర్ఎస్, అంటే అలాంటి ప్లాట్లను సక్రమం చేసే ఫీజు, కట్టుకోమన్నారు. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నాం. మాలాంటివాళ్లు రాష్ట్రంలో 25 లక్షల మందికి పైనే. ఐదేళ్లు ఆ కాగితాల ముఖం చూసినవాడు లేడు. 2025లో ఉన్నట్టుండి మార్చి 31 లోపు కడితే ఫీజులో 25 శాతం తగ్గిస్తామన్నారు. ఆ కట్టేదాంట్లో, వెంచర్‌లో పార్కుకు జాగా వదలనందుకు ఓపెన్ స్పేస్ పేరుతో ప్లాటు విలువలో 14 శాతం! పార్కు స్థలం మింగింది వెంచర్ వేసినవాడు. వాడు డబ్బులు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. జరిమానా మాత్రం చెల్లెలి పెళ్లికి పనికొస్తుందని కొనుక్కున్న మా నాన్నకు. ఆ పెళ్లి చివరికి అప్పుతోనే చేశాం.

ఎకరాలకు ఎకరాలు రాళ్లు పాతి అమ్ముకున్నవాడి దగ్గర కనపడని టేపు మా పెద్దమ్మ గడప దగ్గర ఎందుకు బయటికొచ్చింది? నాకు అది చెప్పండి ముందు.

రెండు నెలల నుంచి వాళ్లు టార్పాలిన్ కింద ఉంటున్నారు. నిన్న రాత్రి వానకు బియ్యం డ్రమ్ములోకి నీళ్లు పోయాయంట. ఆమె ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఒక్కటే అడిగింది: "వరండా పగలగొడితే బిల్లు పెడతరా బిడ్డా? అయితే రేపే మేస్త్రీని పిలుస్త."